భక్తియు విభక్తియు: మేల్పుత్తూరు నారాయణభట్టతిరి

నారాయణీయమును నిత్యము పారాయణము చేయు గృహములు మన ప్రాంతమునను అనేకము కలవు. ఆ స్తోత్రమును రచించిన మహనీయుడు మహావైయాకరణుడని ఎరిగినవారు మాత్రము అరుదు.

కేరళదేశమున నిళానదీతీరమందలి తిరునావాయ క్షేత్రమునకు చేరువ, మేల్పుత్తూరు ఇల్లమున, క్రీ.శ. 1560 ప్రాంతమున నారాయణభట్టతిరి జన్మించెను. తండ్రియగు మాతృదత్తుని కడ మీమాంసను, త్రిక్కండియూరు అచ్యుతపిషారటి కడ వ్యాకరణమును అభ్యసించెను. గురువునకు వాతరోగము ప్రాప్తింపగా, గురుదక్షిణగా శిష్యుడు దానిని తనపైకి గ్రహించెనని పెద్దలు చెప్పుదురు. కాలుసేతులు స్వాధీనము కాని స్థితిలో గురువాయూరు చేరి, దినమునకొక దశకము చొప్పున నూరు దశకములలో భాగవతసారమును స్వామికి విన్నవించెను. ఆయురారోగ్యసౌఖ్యములను కోరు తుదిపదములందే, కటపయాదిసంఖ్య ననుసరించి, 1712210 అను కలిదినసంఖ్య ఇమిడియున్నది. అది క్రీ.శ. 1586 నాటిది.

అంబలప్పుళ ప్రభువు దేవనారాయణుని ప్రేరణచే ఆయన ఇరువది ఖండముల ప్రక్రియాసర్వస్వమును రచించెను. అందు సన్నంతము, యఙంతము, యఙ్లుగంతము, సుబ్ధాతువు అనువానికి వేర్వేరు ఖండములు కలవు. ప్రత్యయమును చేర్చి క్రొత్త ధాతువును పుట్టించు విధానమే వీని విషయము. శ్రుధాతువు వినుటను తెలుపును. దానికి సన్ ప్రత్యయము చేరగా వినగోరుట అను అర్థమున శుశ్రూష పుట్టినది. గురువు మాట వినగోరువాడు ఆయన చెంతనే మెలగును గదా! అందుచే ఆ పదమునకే సేవ అను అర్థము కలిగినది. విడుదల కోరువాడు ముముక్షువగుటయు ఈ ప్రత్యయమహిమయే. ఆయన తన ధాతుకావ్యమున అక్రూరుని గోకులయాత్ర మొదలు కంసవధ వరకు కథ నడుపుచునే ధాతుపాఠమందలి ధాతువులను వరుసగా ప్రయోగించెను.

ఇంతటి పండితుడును ఒకమారు పొరబడెనని ఐతిహ్యము. పూంతానము అను భక్తకవి తన మలయాళకృతిని పరిశీలింపుమని ప్రార్థింపగా, దేశభాషారచన యని భట్టతిరి నిరాకరించెను. ఆ రాత్రియే రోగము తిరుగబెట్టెను. ఈతని విభక్తికంటె పూంతానము భక్తియే తనకు ప్రీతికరమని స్వామి తెలిపెను. భట్టతిరి పరితపించి, పూంతానమును వెదకి క్షమింప వేడి, ఆ కృతిని శ్రద్ధతో ఆలకించెను.

శుశ్రూషాశబ్దమును సూత్రములతో సాధింపగలవానికి ఆ ఒక్కనాడు వినగోరు మనసు లేకపోయెను. రూపసిద్ధి వేరు, హృదయశుద్ధి వేరు. జీవితమంతయు ధాతురూపములను వల్లెవేయించిన మావంటివారికి ఈ కథయే తుది పాఠము. హరికథను వినగోరుటయే మనకు నిజమైన శుశ్రూష యగుగాక!