హబీబ్ తన్వీర్: నేర్పడం మానేసిన ఉస్తాద్

1923లో రాయపూర్‌లో పుట్టిన హబీబ్ అహ్మద్ ఖాన్‌కు షాయరీ కోసం పెట్టుకున్న ‘తన్వీర్’ తఖల్లుసే పేరైపోయింది. లండన్‌లో నటన చదివొచ్చి, 1958లో ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులు ఆరుగురిని ఢిల్లీకి తీసుకొచ్చారు. మన ఆర్మూరు దిక్కు చిందు భాగవతుల లెక్కనే వాళ్లూ ఊళ్లల్లో రాత్రంతా ఆడేటోళ్లే. అయినా ఢిల్లీ స్టేజీ మీద కట్టెల్లా బిగుసుకుపోయారు. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో అన్నీ తన్వీరే చెప్పేవారు. పైగా అలవాటు లేని హిందీ! తప్పు తనదేనని అర్థం కావడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఆ తర్వాత కథ మాత్రం చెప్పి, వాళ్ల భాషలో వాళ్లనే ఆడనిచ్చారు. చూస్తూ కూర్చుని, బాగున్నది ఉంచేవారు. 1973లో రాయపూర్‌లో నెలరోజుల వర్క్‌షాప్ అట్లనే నడిచింది. 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది. 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచింది, ఛత్తీస్‌గఢీ భాషలోనే. తన్వీర్ 2009 జూన్ 8న భోపాల్‌లో ఇంతెకాల్ అయ్యారు.