పూర్వుల కళకు పాఠశాల పెట్టిన ఆచార్యుడు – అలెయిన్ లాక్

అమెరికా నల్లజాతి సాంస్కృతిక పునరుజ్జీవనానికి బాట వేసినవారిలో అగ్రగణ్యుడు అలెయిన్ లాక్. 1885లో ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. హార్వర్డ్‌లో చదివి, 1907లో రోడ్స్ విద్యార్థి వేతనం పొందిన తొలి నల్లజాతీయుడైనాడు. అయినను ఆక్స్‌ఫర్డ్‌లో పలు కళాశాలలు అతనిని చేర్చుకొన నిరాకరించాయి. చివరకు హెర్ట్‌ఫర్డ్ కళాశాల తలుపు తెరిచింది.

1912లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనాడు. 1925లో వెలువరించిన ‘ది న్యూ నీగ్రో’ సంకలనం అతనికి కీర్తి తెచ్చింది. నల్ల, తెల్ల అధ్యాపకులకు సమాన వేతనం కావాలన్న ఆందోళన పర్యవసానంగా ఆ ఏడే ఉద్యోగమూ పోయింది. కొన్నేండ్లకు తిరిగి చేరి 1953 వరకు బోధించాడు.

లాక్ బోధించినది తత్త్వశాస్త్రమే. కాని అతని ప్రభావం చిత్రకారులపైన, శిల్పులపైన గాఢంగా పడింది. ఆఫ్రికా అంటే అనాగరికమని వారికి చిన్ననాటి నుండి నేర్పారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, పికాసో వంటివారు ఆఫ్రికా ముఖాకృతుల నుండి స్ఫూర్తి పొందుతున్న కాలంలోనే ఆ పూర్వుల సంతతివారు వాటిని చూచి సిగ్గుపడుతుండేవారు. లాక్ ఆ శిల్పాలను సేకరించాడు. వాటిలోని నిగ్రహాన్ని, పనితనాన్ని చూడుమన్నాడు.

హోవర్డ్‌లోనే కళను బోధించిన చిత్రకారుడు జేమ్స్ పోర్టర్ ఇందుకు సమ్మతించలేదు. అమెరికా నల్లజాతి కళాకారుని వేళ్ళు అమెరికా నేలలోనే ఉన్నాయని అతని వాదం. జాతి పేరిట కళాకారుని చేతిని కట్టివేయరాదన్న ఆ హెచ్చరిక త్రోసిపుచ్చదగినది కాదు. పూర్వులను తెలిసికొనుట వేరు, వారికే కట్టుబడుట వేరు.

లాక్ పురుషులను ప్రేమించిన పురుషుడు. మిత్రులకు తెలిసిన ఈ సంగతిని బహిరంగంగా చెప్పుకొనుటకు ఆనాటి చట్టమూ సమాజమూ అవకాశమీయలేదు. అదే స్థితిలో జీవించిన శిల్పి రిచ్‌మండ్ బార్తే వంటి యువకులకు అతడు అండగా నిలిచాడు. జాతిని గూర్చి తల ఎత్తుకొనుమని నేర్పిన గురువు తన హృదయాన్ని గూర్చి తల వంచుకొని బ్రతుకవలసి వచ్చింది. పురుషులకు ఇచ్చినంత ప్రోత్సాహం స్త్రీలకు ఇవ్వలేదన్న నింద కూడ అతనిపై ఉన్నది. అది కప్పిపుచ్చదగినది కాదు.

1954లో లాక్ కన్నుమూశాడు. శిల్ప సంపద హోవర్డ్‌కే చెందింది. చితాభస్మం మాత్రం అరువది ఏండ్ల తరువాత, 2014లో, వాషింగ్టన్‌లో భూమిలో నిక్షిప్తమైనది. విద్యార్థి తన్ను తాను దాచుకొనక నేర్చుకొనగల తరగతి గదిని నిర్మించుటయే ఆ గురువునకు మనం తీర్చవలసిన ఋణం.