తారుమారు లోకం రాసిన పంతులు గారు



మల్టీవర్స్ సినిమాలు చూసిన మీ పిల్లలు, మన లోకం లాంటిదే ఇంకో లోకం ఉంటుందని, అక్కడ అన్నీ తారుమారుగా ఉంటాయని మీకు చెప్పే ఉంటారు. అలాంటి లోకం ఒకదాన్ని దాదాపు 130 ఏళ్ల కిందటే ఒక టీచర్ తెలుగులో రాశారు. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులు గారు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ల వయసులోనే తండ్రి పోయారు. తల్లి, పెదనాన్న పెంచి చదివించారు. చదువయ్యాక కోరంగిలో టీచర్‌గా, తర్వాత ధవళేశ్వరంలో హెడ్మాస్టర్‌గా పనిచేశారు.

ఆ రోజుల్లో ఆడపిల్లకు బడి కంటే ముందు పెళ్లి వచ్చేది. భర్త చనిపోతే, ఆ అమ్మాయిది ఎంత చిన్న వయసైనా మళ్లీ పెళ్లి మాటే ఉండేది కాదు. పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఊళ్లో చాలామంది ఆయన్ని వెలివేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వంట చేసి, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు.

ఎంత వాదించినా కొందరు వినలేదు. అప్పుడు ఆయన కథ దారి పట్టారు. మన పిల్లలు చదువుకునే గలివర్ కథ స్ఫూర్తితో సత్యరాజా పూర్వదేశయాత్రలు రాశారు. అందులో సత్యరాజు ఆడమళయాళం అనే దేశం చేరతాడు. అక్కడ పెత్తనం ఆడవాళ్లది. చదువులు, ఉద్యోగాలు వాళ్లవే. మగవాళ్లు గడప దాటకూడదు, ఎదురు మాట్లాడకూడదు. చదువుతుంటే మొదట నవ్వొస్తుంది. ఆ మగవాళ్ల కష్టాలు, ఆ కాలంలో మన ఇళ్లలో ఆడవాళ్లు నిజంగా పడుతున్నవేనని తెలిశాక నవ్వు రాదు.

పంతులు గారు 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కాలంతో పోలిస్తే మనం చాలా దూరం వచ్చాం. మన తొర్రూరులో అమ్మాయిలు కూడా పొద్దున్నే యూనిఫాం వేసుకుని స్కూల్ బస్సు ఎక్కుతున్నారు. కానీ పదో తరగతి అయ్యేసరికి కొన్ని ఇళ్లలో లెక్క మారిపోతుంది. అబ్బాయికి హైదరాబాద్‌లో హాస్టల్, అమ్మాయికి దగ్గర్లో ఏది ఉంటే అది. ఇంట్లో చుట్టాలొస్తే ఆమె హోంవర్క్ ఆగుతుంది, అతనిది ఆగదు. ఇందులో చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. అలవాటైపోయింది, అంతే. అలవాటైన తేడా మనకు కనబడదు. అది కనబడాలనే పంతులు గారు లోకాన్ని తిరగేసి చూపించారు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీరూ ఈ ఆట ఆడి చూడండి. ఒక్క రోజు మన ఇంట్లో అన్నయ్య రూల్స్ చెల్లికి, చెల్లి రూల్స్ అన్నయ్యకు పెడితే ఏమవుతుందని పిల్లల్ని అడగండి. వాళ్ల జవాబులు మధ్యలో ఆపకుండా వినండి. కాలేజీ అడ్మిషన్ల గురించి మాట్లాడుకునే ముందు ఆ జవాబులను ఒక్కసారి గుర్తు చేసుకోండి.