కర్నల్ మెకంజీ: ఊరూర కథలడిగిన దొర

ఆంధ్రదేశమున ఏ గ్రామము యొక్క పూర్వచరిత్రము వ్రాయబూనినను పరిశోధకుడు ముందుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ఆ యూరికి కైఫీయతు దొరకినదా? దొరకినచో అతని పని సగము తీరినట్లే. ఊరికి ఆ పేరెట్లు వచ్చినది, చెరువెవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, ఏ దండు వచ్చి పొలములు పాడుపెట్టెను, పారిపోయిన రైతులు ఎవరి అభయము నమ్మి మరలివచ్చిరి, ఇట్టి సంగతులను ఆ యూరి కరణము తన నుడికారముననే వ్రాయించి ఇచ్చిన కాగితమది. కైఫీయతు అనునది కచేరీల ద్వారా తెలుగున చొచ్చిన మాట. ఉన్న స్థితిని ఉన్నట్లు తెలుపు వ్రాత అని దాని అర్థము. తెలుగువారి ఊళ్ల కథలకు ఒక స్కాట్లండు దొర పేరు అంటుకొని యుండుట వింతగా తోచవచ్చును. ఆయనకు తెలుగు రాదు, సంస్కృతము రాదు. ఈ దేశభాషలేవియు తనకు రావని ఆయనయే ఒప్పుకొనెను. అయినను దక్షిణ దేశమున ఆయన వలె ఇందరు అపరిచితుల నోట ఇన్ని కథలు చెప్పించుకొన్నవాడు ఆ కాలమున మరియొకడు లేడు.

స్కాట్లండునకు పశ్చిమమున సముద్రమధ్యమున లూయిస్ అను ద్వీపము కలదు. అందలి స్టోర్నొవే అను రేవుపట్టణమున 1754లో కాలిన్ మెకంజీ జన్మించెను. తండ్రి వర్తకుడు. కాలిన్ కొంతకాలము ఆ రేవులోనే సుంకపు కచేరీయందు ఉద్యోగము చేసెను. ఆయన దృష్టి హిందూదేశము వైపు మరలుటకు హేతువైనది ఒక జీవితచరిత్రము. లాగరిథముల గణితమును కనిపెట్టిన జాన్ నేపియరును గూర్చి గ్రంథము వ్రాయింపవలెనని ఆ వంశపు ప్రభువొకడు సంకల్పించి, ప్రాచీన హిందువుల గణితమును గూర్చిన వివరములను వెదకు పనికి యువకుడైన మెకంజీని నియోగించెను. గ్రంథము పూర్తి కాలేదు. కుతూహలము మాత్రము నిలిచెను. 1783లో, తన యిరువది తొమ్మిదవ యేట, మెకంజీ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగమున చెన్నపట్టణము చేరెను. నేపియరు ప్రభువు కుమార్తె హెస్టరు అప్పటికి భర్తతో మధురలో నివసించుచుండెను. ఆమె ఆహ్వానముపై అచటికి పోయి, ఆమె పిలిపించిన పండితులతో గణితమును గూర్చి ప్రసంగించెను. దక్షిణదేశపు విద్యలను, చరిత్రను సేకరింపవలెనను తలంపు ఆ మధురలోనే కలిగినదని తరువాత హెస్టరు కుమారుడు చెప్పెను.

తలంపు కలిగినంత మాత్రమున పని సాగునా? తరువాతి పదుమూడు సంవత్సరములు దండయాత్రలతో, కొలతలతో గడచిపోయెను. నెల్లూరు, గుంటూరు సీమల బాటలను కొలిచెను. 1790 మొదలు 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున పాల్గొనెను. పిదప నైజాము రాజ్యమున కొలతపని ఆరంభించెను. 1794లో శ్రీశైలమునకు పోయి ఆలయ ప్రాకారముపై చెక్కిన బొమ్మలను చూచి అబ్బురపడి, ఆ వివరములను వ్రాసికొనెను. శిల్పమును చూచుటకు కన్నులు చాలును. ఆ శిల్పము వెనుకనున్న కథను తెలిసికొనుటకు భాష కావలెను. భాషకన్న ముందు చెప్పువాని నమ్మకము కావలెను. ఈ రెండును మెకంజీకి లేకపోయెను. ఆ పదుమూడేండ్ల కాలమున తాను సాధించినది స్వల్పమని ఆయన తుదకు విచారించెను.

1796లో సింహళ దండయాత్రనుండి తిరిగివచ్చిన పిమ్మట ఆయనకు కావలి వేంకట బొర్రయ్య లభించెను. బొర్రయ్య ఏలూరివాడు; 1776లో నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. సంస్కృతాంధ్రములతో పాటు ఇంగ్లీషును, మరికొన్ని దేశభాషలను నేర్చినవాడు. దొర కొలువున చేరునాటికి వయస్సు ఇరువది. దొరకు అప్పటికి నలువది రెండేండ్లు. ఈ కూడిక యాదృచ్ఛికమనియు, హిందూదేశ విజ్ఞానమందిరమున తనకు ద్వారము తెరచినవాడు ఈ బ్రాహ్మణ యువకుడే యనియు మెకంజీ చాల సంవత్సరముల తరువాత ఒక లేఖయందు నిస్సంకోచముగా వ్రాసెను. అధికారులు తమ క్రింది ఉద్యోగుల ఋణమును ఇట్లు ఒప్పుకొనుట ఆనాడేగాదు, ఏనాడైనను అరుదు.

బొర్రయ్య చేసిన పని యెట్టిదో గ్రహింపవలెనన్న ఆనాటి పల్లెను ఒక్కమారు తలచుకొనవలెను. కంపెనీవారి గొలుసు పొలముపై పడినదన్న రైతు గుండె జల్లుమనును. కొలత వెంట పన్ను వచ్చునని వానికి అనుభవము. కరణము తన దండకవిలెను చూపుటకు జంకును; అందులోని మాన్యపు లెక్కలు బయటపడినచో ఎవరి భూమి పోవునో! అర్చకునికి శాసనమును చదువనిచ్చుటకు సందేహము. ఇట్టి చోట పన్నును గూర్చి అడుగక, మీ పెద్దలెవరు, వారేమి చేసిరి, ఈ రాతిపై నేమున్నది అని అడుగువాడొకడు వచ్చినచో మొదట ఎవ్వరును నమ్మరు. బొర్రయ్యకు నమ్మించు నేర్పు కలదు. అన్ని మతములవారిని, అన్ని తెగలవారిని ఈ విచారణకు సమాధానపరచిన మృదుస్వభావము అతనిదని దొర మెచ్చుకొనెను. తన పూర్వులను గూర్చి శ్రద్ధగా అడిగినవానిని మనుష్యుడు పరాయివానిగా ఎక్కువసేపు చూడలేడు గదా.

ఇందుకు నిదర్శనము జైనుల వృత్తాంతము. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత మెకంజీకి మైసూరు రాజ్యమును కొలుచు పని అప్పగింపబడెను. ఆ పర్యటనమున బొర్రయ్య ఒక జైన పురోహితుని కలిసికొని, వారి మతాచారములను, గురుపరంపరను అతని నోటనే విని, అనువదించి దొరకిచ్చెను. అది 1807లో కలకత్తా పండిత సభవారి ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదవ సంపుటమున బొర్రయ్య పేరు తోడనే అచ్చయినది. బ్రాహ్మణుడు జైనుని యెదుట వాదము మాని వినుటకై కూర్చుండినాడు. మతములమధ్య శతాబ్దులుగా నడచిన ఖండనమండనములను ఎరిగినవారికి దీని విలువ తెలియును.

ఆ సంపుటము వెలువడునాటికి బొర్రయ్య జీవించి లేడు. 1803 జనవరిలో, ఇరువది ఆరవ యేట, అకస్మాత్తుగా మరణించెను. ఏడేండ్ల కొలువులో అతడు చేసినది చూడగా, మరి ముప్పదేండ్లు బ్రతికి యున్నచో తెలుగుదేశ చరిత్రరచనకు ఎట్టి పునాది పడియుండెడిదో యని ఎవరికైనను అనిపించును. అతని పని అతని తమ్ముడు లక్ష్మయ్యపై పడెను. మరియొక సోదరుడు రామస్వామియు ఈ కొలువుననే యుండెను.

అన్న మాటనేర్పరి, తమ్ముడు కార్యనిర్వాహకుడు. లక్ష్మయ్య చెన్నపట్టణమున కూర్చుండి దేశము నలుమూలలకు మనుష్యులను పంపెను. దత్తమండలములకు నారాయణరావు, తమిళసీమకు నిట్టల నాయన, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కునకు పోయి, ఎవరిని కలిసికొనిరో, ఎవరేమి చెప్పిరో, ఎవరు మొగము చాటుచేసిరో నివేదికలు వ్రాయుచుండిరి. ఏమేమి అడుగవలెనో మెకంజీ పట్టికలు వ్రాయించి యిచ్చెను: వంశావళులు, దండకవిలెలు, స్థలమాహాత్మ్యములు, చరిత్రలు, కాలజ్ఞానములు, శాసనములు. ప్రాతవ్రాత దొరకని చోట వృద్ధులను కూర్చుండబెట్టి చెప్పించుకొనవలెను. అడిగినవెల్ల సులభముగా రాలేదు. కొందరు నెలలకొలది త్రిప్పిరి. పాళెములు పోగొట్టుకొన్న పాళెగాండ్ర సంతతివారు మాత్రము తమ తాతల పరాక్రమమును విస్తరించి చెప్పిరి. దొర విన్నచో పోయిన పాళెము తిరిగి రాకపోవునా యను ఆశ వారిది. ఆ ఆశ ఫలింపలేదు. వారు చెప్పిన కథలు మాత్రము మిగిలినవి.

ఈ ఆశకును, ఆ భయమునకును ఆధారము లేకపోలేదు. మెకంజీ కేవలము కథల ప్రియుడు కాడు. రాజ్యమును విస్తరించుకొనుచున్న కంపెనీకి పటములు గీచి యిచ్చినవాడు. సుమారు నలువదివేల చదరపు మైళ్ల మైసూరు కొలత ఆ ప్రభుత్వమునకు పాలనాసాధనమయ్యెను. అయితే పటములకు కావలసినదానికి మించి ఆయన అడిగిన దానిని ప్రభుత్వము అడుగలేదు. అందుకైన వ్యయములో పెద్దభాగము ఆయన తన జేబునుండియే పెట్టుకొనెను.

తెలుగువారు మరువరాని మరియొక సంగతి అమరావతి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో నూతన నగరము కట్టించుచుండగా, దీపాలదిన్నె యను మట్టిదిబ్బనుండి చెక్కడపు రాళ్లు బయలుపడెను. ఈ వార్త విని మెకంజీ 1797లో అచటికి పోయెను. మరల 1816లో చిత్రకారులను పంపించి, తానును వచ్చి, ఆ శిల్పములను శ్రద్ధతో గీయించెను. తరువాత ఆ రాళ్లలో అనేకము చెదరిపోయినవి. కొన్నింటికి ఆ చిత్రములే నేడు మిగిలిన ఆనవాలు.

1811లో సైన్యముతో జావాకు పోయి రెండేండ్లుండి, అచటను డచ్చివారి నుండియు, దేశీయులనుండియు ఇట్లే సేకరించెను. పెట్రొనెల్లా బార్టెల్స్ అను ఆమెను అచటనే వివాహమాడెను. దొర లేని ఆ కాలమంతయు లక్ష్మయ్య చెన్నపట్టణమున పనిని ఆగనీయలేదు. 1815లో మెకంజీ హిందూదేశమునకంతకు సర్వేయరు జనరలుగా నియుక్తుడయ్యెను. మరుసటి సంవత్సరము థామస్ హికీ యను చిత్రకారుడు ఆయన పటమును వ్రాసెను. ఎఱ్ఱని కోటు ధరించిన దొర చుట్టును ముగ్గురు హిందువులు నిలిచియున్నారు. జైన పండితుడు ధర్మయ్య, కావలి లక్ష్మయ్య, దుర్భిణి చేతబట్టిన బంట్రోతు కృష్ణాజీ అని వారిని గుర్తింతురు. బొర్రయ్య చనిపోయి అప్పటికి పదుమూడేండ్లు.

1817లో కలకత్తా చేరిన మెకంజీ తన సంపదకు పట్టిక కూర్పవలెనని, గ్రంథము వ్రాయవలెనని ఎంచెను. ఆ తీరిక ఆయనకు చిక్కలేదు. 1821 మే 8వ తేదీన మరణించెను. ముప్పదియెనిమిదేండ్ల క్రిందట నౌక దిగినవాడు మరల స్టోర్నొవే చూడనేలేదు. ఆయన భార్యనుండి కంపెనీవారు ఆ సేకరణమునంతయు లక్షరూపాయలకు కొనిరి. హెచ్. హెచ్. విల్సన్ పండితుడు 1828లో వెలువరించిన పట్టికను చూచిన కన్నులు చెదరును: సాహిత్యగ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనప్రతులు 8,076, నాణెములు 6,218, చిత్రములు 2,630. ఆ స్థానిక చరిత్రలలోనివే మన కైఫీయతులు.

వీనిని చదువునప్పుడు కొంత జాగ్రత్త అవసరము. పురాణమును, చరిత్రమును ఒకే త్రాట గట్టిన వ్రాతలివి. చక్రవర్తుల వంశక్రమమునకు వచ్చునప్పటికి కైఫీయతు తడబడును, సంవత్సరములు తారుమారగును. ఊరి చెరువు తూమును గూర్చి, ఎల్లరాయిని గూర్చి, క్షామమున వలసపోయిన ఇండ్లను గూర్చి చెప్పునప్పుడు తడబడదు. చక్రవర్తులకు శాసనములున్నవి, కావ్యములున్నవి. వలసపోయిన ఇంటికి కరణము మాట తప్ప వేరు ఆధారమేమున్నది?

దొర పోయిన తరువాత కావలి సోదరుల గతి చెప్పవలసియున్నది. రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున ప్రచురించెను. నూరుమందికి మించిన కవుల కథలవి. గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగము కవిజీవితములకు పూనుకొనుటకు చాల ముందుమాట. ఆ కవులనడుమ తన సోదరుడైన బొర్రయ్య జీవితమునుగూడ చేర్చెను. బొర్రయ్యను గూర్చి నేడు తెలిసినదానిలో హెచ్చుభాగము ఆ పుటలనుండి వచ్చినదే.

లక్ష్మయ్య చెన్నపట్టణమునకు తిరిగివచ్చి, హిందూ సాహిత్య సమాజమును స్థాపించి, మెకంజీ ఆరంభించిన పనిని తనచేత పూర్తిచేయింపుమని ప్రభుత్వమును వేడుకొనెను. ప్రభుత్వము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమును కోరెను. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగానున్న ఆ సభ 1836లో ఇచ్చిన సమాధానము చదువ బాధాకరము. సేకరించుటకు దేశీయుడు పనికివచ్చునట. విమర్శించి విలువకట్టు శక్తి మాత్రము అతనికి చాలదట. ఆ కాగితములలో ప్రతిదానిని పంపించినవాడెవడో, చెప్పినవాడెవడో ఎరిగిన మనుష్యుడు లక్ష్మయ్య. పని విలియం టైలర్ అను మతాచార్యునికి అప్పగింపబడెను. ఇది అన్యాయమనుటకు సంకోచింప నక్కరలేదు.

కొంతకాలమునకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ శిథిలమగుచున్న తెలుగు కైఫీయతులను చూచి, లేఖకులను నియమించి ప్రతులు వ్రాయించి సంపుటములుగా కట్టించెను. అవి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమువారు తమ జిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చువేయించిరి. వానిని చేతబట్టుకొని తన ఊరి పేరు వెదకుకొను పాఠకునికి మొదటి పంక్తియందు కనబడునది మెకంజీ పేరు కాదు, బొర్రయ్య పేరును కాదు. ఫలానా గ్రామ కైఫీయతు, ఫలానా కరణము వ్రాయించినది అనియే యుండును.