పొలం వదలని జ్యూయెట్ దొర

ఒంగోలు అనగానే చాలామందికి క్లౌ దొర గుర్తొస్తారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతీ గుర్తొస్తుంది. ఆ పంట కోతకు రాకముందు ఏళ్ల తరబడి పొలం కాచిన మనిషి ఒకరున్నారు. ఆయనే లైమన్ జ్యూయెట్.

1813లో అమెరికాలో పుట్టిన జ్యూయెట్, 1849లో భార్యతో కలిసి నెల్లూరు చేరారు. అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగునాట పని మొదలుపెట్టి అప్పటికి పదమూడేళ్లు. శామ్యూల్ డే అనే మిషనరీ 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఇన్నేళ్లకూ విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. డబ్బు ఖర్చవుతున్నా ఫలితం కనబడటం లేదని, 1853లో అమెరికాలో జరిగిన సభలో ఈ పని మూసేయాలన్న మాట వచ్చింది. మ్యాపులో ఒంటరి నక్షత్రంలా కనిపించే నెల్లూరును చివరికి వదులుకోలేకపోయారు. ఆ ఏడాదే డే ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిపోయారు. భారమంతా జ్యూయెట్ దంపతుల మీద పడింది.

1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి ప్రార్థించారు. అదే నేటి ప్రార్థన కొండ. ఆ తర్వాత, రావలసిన మనిషి ఎవరో కూడా తెలియకముందే, జ్యూయెట్ ఒంగోలులో ఒక బంగళా కొని ఉంచారు. బంగళా ఎదురుచూస్తూనే ఉంది, మనిషి మాత్రం రాలేదు.

1862లో మళ్లీ మూసివేత మాట లేచింది. అప్పుడు సెలవు మీద అమెరికాలో ఉన్న జ్యూయెట్ ఒప్పుకోలేదు. సాయం చేసినా చేయకపోయినా తాను తిరిగి వెళ్తానని, అవసరమైతే తెలుగువారి మధ్యే ప్రాణం విడుస్తానని తెగేసి చెప్పారు. పెద్దలు దిగివచ్చారు. 1864లో ఆయన వెంట ఓడెక్కిన యువకుడే జాన్ క్లౌ. కొండ మీద చేసిన ప్రార్థనకు అది పదకొండో ఏడు.

1866లో తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది, విన్న కబురును మాదిగపల్లెలకు మోసుకెళ్లాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

జ్యూయెట్ ఒంగోలును క్లౌకు అప్పగించి నెల్లూరులో తన పని కొనసాగించారు. తెలుగు కొత్త నిబంధనను సవరించే పనిలో శ్రమించారు. కోత తన చేతి మీదుగా జరగలేదని చిన్నబుచ్చుకోలేదు. 1897లో అమెరికాలో కన్నుమూశారు.

అక్షరాలు దిద్దించిన పంతుళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. వాళ్లు విత్తింది ఎక్కడ, ఎప్పుడు మొలిచిందో చాలాసార్లు వాళ్లకే తెలియదు. ఈ స్వర్ణోత్సవాన ఒక్కచోట చేరిన మనం వాళ్ల పంటే. వాళ్లలో ఇంకా మన మధ్య ఉన్నవారి దగ్గరికి వెళ్లి, ఆ సంగతి ఈరోజే చెప్పి వద్దాం.