నలభై ఏళ్ల ఎరాస్మస్: కౌంటరు వెనక ఉన్నవారికి అభినందన

1987 జూన్ 15న యూరప్ దేశాల మంత్రులు ఎరాస్మస్ కార్యక్రమానికి ఆమోదముద్ర వేశారు. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు ఇతర యూరప్ దేశాలకు వెళ్లి చదువుకున్నారు. నలభయ్యో పుట్టినరోజు వచ్చేనాటికి ఈ పథకం కింద వెళ్లొచ్చినవాళ్లు కోటిన్నర దాటిపోయారు. ఇలాంటి సందర్భాల్లో దండలన్నీ వేదిక మీది పెద్దల మెడల్లోనే పడతాయి. మేం మాత్రం విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ సంబంధాల కార్యాలయాల్లో పనిచేసే ఉద్యోగులకు ముందుగా చేతులు జోడిస్తున్నాం.

అసలీ కథ పుట్టిందే ఒక యూనివర్సిటీ ఆఫీసులో. సోఫియా కొరాది అనే రోము అమ్మాయి ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1958లో తిరిగొచ్చింది. అక్కడ పాసైన పరీక్షలను లెక్కలోకి తీసుకోమని సొంత యూనివర్సిటీని అడిగితే, అక్కడి అధికారి నలుగురిలో చిన్నబుచ్చి పంపేశాడు. ఆమె ఆ అవమానాన్ని దిగమింగి ఊరుకోలేదు. ఇటలీ రెక్టార్ల సంఘానికి సలహాదారుగా చేరి, ఒక దేశంలో చదివిన చదువును మరో దేశం గుర్తించాలంటూ 1969లో ప్రతిపాదన రాసింది. పద్దెనిమిదేళ్లు పట్టుదలగా ఎదురుచూసింది. అందుకే ఆమెను ‘మమ్మా ఎరాస్మస్’ అన్నారు. కాదు పొమ్మన్నదీ, అయ్యేదాకా వదలనిదీ విశ్వవిద్యాలయ వ్యవస్థలో పనిచేసేవాళ్లే. కౌంటరు వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒక విద్యార్థి దారి ఎంతగా మారిపోతుందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ కౌంటరు వెనక మీరున్నారు. ఇటలీలో మార్కులు ముప్ఫైకి వేస్తారు, పద్దెనిమిది వస్తే పాసు. ఫ్రాన్సులో ఇరవైకి, పది వస్తే గట్టెక్కినట్టు. జర్మనీలో ఒకటి వస్తే అందరికన్నా మేటి, అయిదు వస్తే ఫెయిలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏ పిల్లకూ ఏ పిల్లాడికీ అన్యాయం జరగకుండా సరిచూసేది మీరే. ఏడాదికి అరవై క్రెడిట్లు లెక్క తప్పకూడదు. విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకునే సంస్థ ముగ్గురూ సంతకాలు పెట్టిన చదువు ఒప్పందం, తీరా క్లాసులు మొదలయ్యాక ఒక కోర్సు రద్దయితే మళ్లీ మొదటికొస్తుంది. కొత్త కోర్సు వెతకాలి, రెండు ఊళ్ల ప్రొఫెసర్లను ఒప్పించాలి, మళ్లీ సంతకాలు. ఈ పనికి ఫొటోలుండవు, వార్తలుండవు. కానీ ఇది చేయకపోతే ఒక సెమిస్టరు గాలిలో కలిసిపోతుంది. 2020 మార్చిలో కోవిడ్‌తో సరిహద్దులు మూతపడ్డప్పుడు ఎక్కడివాళ్లు అక్కడ చిక్కుకుపోతే, వాళ్ల బాగోగులు కనుక్కుంటూ రాత్రీ పగలూ మెయిళ్లకు జవాబులిచ్చింది కూడా మీ ఆఫీసులే.

మా తెలుగువాళ్లూ మీకు రుణపడి ఉన్నారు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ పుణ్యమా అని ప్రపంచంలోని ఏ దేశపు విద్యార్థి అయినా కనీసం రెండు దేశాల్లో చదివి మాస్టర్స్ పట్టా పుచ్చుకునే వీలొచ్చింది. ఆ స్కాలర్‌షిప్పులు ఎక్కువగా అందుకునే దేశాల్లో భారత్ ముందు వరసలో ఉంటోంది. వీసా స్లాటు దొరక్క, బ్యాంకు కాగితం కుదరక గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కంగారుగా మెయిలు పెడితే, “క్లాసులకు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఉత్తరం ఇస్తాం” అని వచ్చే రెండు వాక్యాల జవాబు ఆ ఇంటిల్లిపాదికీ ఎంత ధైర్యమో మీకు తెలియకపోవచ్చు. ఇక్కడ తల్లిదండ్రులకు మీ పేరు కూడా తెలియదు. అయినా వాళ్ల దీవెనలు మీకున్నాయి.

జూన్ అంటే మీకు ఊపిరి సలపని నెల అని తెలుసు. శరదృతువు సెమిస్టరు ఒప్పందాలు బల్ల నిండా ఉంటాయి. ఈ ఒక్క పూటకు వాటిని పక్కనపెట్టి, మీ తోటివాళ్లతో కలిసి కేకు కోసుకోండి. నలభై ఏళ్ల ఎరాస్మస్‌కూ, దాన్ని నడిపిస్తున్న మీ అందరికీ మా హృదయపూర్వక అభినందనలు.