వంశవృక్షం గీసిన డాక్టర్

అది 1895. అమెరికాలోని మిషిగన్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ డాక్టర్ ఆల్‌డ్రెడ్ స్కాట్ వార్థిన్ దగ్గర తన దిగులు చెప్పుకుంది. తమవాళ్లలో చాలామంది పేగు, పొట్ట, గర్భసంచి క్యాన్సర్లతోనే పోయారని, తనకూ అదే రాసిపెట్టి ఉందని. అప్పటికి ఆమె ఆరోగ్యంగానే ఉంది. మరొకరైతే ధైర్యం చెప్పి పంపేసేవారేమో! వార్థిన్ మాత్రం ఆమె వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు.

1866లో ఇండియానాలో పుట్టిన వార్థిన్ ముందు నేర్చింది సంగీతం. తర్వాతే వైద్యం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాథాలజీ ప్రొఫెసర్‌గా పనిచేస్తూ, జర్మనీ నుంచి వలసొచ్చిన ఆ కుటుంబం వివరాలను ఏళ్ల తరబడి సేకరించి 1913లో ప్రచురించారు. పేరు బయటపెట్టకుండా ‘జి కుటుంబం’ అన్నారు. ఆవిడ భయమే నిజమైంది. చిన్న వయసులోనే గర్భసంచి క్యాన్సర్‌తో కన్నుమూసింది. వార్థిన్ 1931లో చనిపోయారు.

తర్వాత హెన్రీ లించ్ అనే డాక్టర్ అదే కుటుంబంపై పరిశోధన కొనసాగించారు. జబ్బుకు లించ్ సిండ్రోమ్ అని ఆయన పేరే స్థిరపడింది. 2000లో లోపం ఎంఎస్‌హెచ్2 జన్యువులో దొరికింది. కణం విడిపోయేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పుల్ని సరిదిద్దడానికి ఈ జన్యువు కావాలి. బాగా దెబ్బతిన్న కణం తనంతట తానే చనిపోయేలా చేయడంలోనూ దీనికి పాత్ర ఉంది. ఇది పనిచేయకపోతే చావాల్సిన కణం బతికిపోతుంది, తప్పులతోనే పెరుగుతుంది. తల్లికో తండ్రికో ఈ లోపం ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగం. అలాంటివారికి ఇప్పుడు 20-25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తున్నారు. పాలిప్ కనిపిస్తే క్యాన్సర్‌గా మారకముందే తీసేస్తున్నారు.